పైన జీవామృతం, కింద రోటవేటర్

ఇప్పుడు మా చుట్టుపక్కల పల్లెల్లో సేంద్రియం కాని రైతు లేడు. రోడ్డు పక్క చేలల్లో బోర్డులు, బోర్డుల మీద ఆవు బొమ్మ, ఆవు పక్కన ఎవరో నాయకుడి బొమ్మ. చేని గట్టున నీలం డ్రమ్ము. డ్రమ్ములో పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. కర్రతో ఎటు తిప్పమంటే అటే తిప్పుతారు, ఎన్నిసార్లు తిప్పమంటే అన్నిసార్లూ తిప్పుతారు. ఆ గుప్పెడు మట్టి ఎందుకప్పా అని అడిగితే, "అందులో జీవాలుంటాయి మామా, నేలకు ప్రాణమొస్తుంది" అని పాఠం అప్పజెప్తారు. సంతోషం. ఆ డ్రమ్ము నీళ్ళు చల్లడానికి రెండురోజుల ముందు అదే చేలో ట్రాక్టరు దిగి ఉంటుంది, దాని వెనక రోటవేటర్. నిలువు ఒకసారి, అడ్డం ఒకసారి, "ఇంకా పిండి కాలేదన్నా" అని మూలలకు మళ్ళీ ఒకసారి. ఉన్న ప్రాణం తీసేసి కొత్త ప్రాణం పోయడమన్నమాట. ఇంత చదువు చదివినవాళ్ళకు ఇందులో తిరకాసు ఎందుకు కనబడదో నాకు అర్థం కాదు.

నాది అనంతపురం జిల్లా మెట్ట సేద్యం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ దాని మనసు పుడితే. ఎర్రనేల, శెనక్కాయ, కంది, నాలుగు సాళ్ళు కొర్రలు. ముసలోడి సణుగుడని ఇంట్లో ఎవరూ వినరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా రోజుల్లో ఆరుద్ర పురుగు ఉండేది. మట్టిలో ఉండే సన్నజీవాల్లో కంటికి ఆనేదీ, పేరు పెట్టి పిలిచేదీ మాకు అదొక్కటే. జూన్ ఆఖర్లో ఆరుద్ర కార్తె ప్రవేశించి, ఒక మంచి వాన కురిసి తెల్లారి ఎండ కాస్తే చాలు, సాళ్ళలో ఎర్రగా పాకుతూ కనబడేవి. శెనగ్గింజంత ఒళ్ళు, ఒళ్ళంతా మెత్తటి ఎర్రనూగు. అరచేతిలోకి తీసుకుంటే కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని చచ్చినట్టు నటిస్తుంది. కదలకుండా చెయ్యి అట్లే పెట్టుకుంటే కాసేపటికి ముందుకాళ్ళు రెండూ చాచి, గాలిని తడుముకుని, మణికట్టు మీదికి నడక మొదలుపెడుతుంది. ఆ నడక చక్కిలిగిలి పెట్టదు, తగిలీ తగలనట్టుంటుంది. అగ్గిపెట్టెలో గరిక వేసి దాన్ని బడికి పట్టుకుపోని పిల్లోడు మా తరంలో లేడు. అయ్యవారు చూస్తే దెబ్బలు కూడా పడేవి.

పురుగంటాం గానీ దానికి ఎనిమిది కాళ్ళు. సాలీడుకూ, పశువుల ఒంటి మీది గోమారికీ చుట్టం. ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే కాపురం. తొలివానల తర్వాత కొద్దిరోజులు మాత్రం తిండికీ జతకూ పైకి వస్తుంది. చెదల్ని తింటుంది, పురుగుల గుడ్లు తింటుంది, తన గుడ్లు మట్టిలో పెట్టి మళ్ళీ లోపలికి పోతుంది. పిల్లప్పుడు ఆరు కాళ్ళతో పుట్టి, మిడతల్లాంటి వాటి ఒంటికి అంటుకుని రసం పీల్చి, కడుపు నిండాక రాలిపడి మట్టిలోకి దూరుతుంది. అంటే దాని బతుకులో ఏ మలుపు తీసుకున్నా మట్టి తలుపు తీసుకునే పోవాలి, ఆ మట్టి కదలకుండా ఉండాలి. ఇప్పుడు నా మనవడికి ఆరుద్ర పురుగును ఫోన్లో చూపించాల్సి వచ్చింది. వాడు బొటనవేలితో దాన్ని పైకి తోసేసి తరువాతి వీడియో చూసుకున్నాడు.

మందులు చంపేశాయంటారు. నిజమే, మొదటి తప్పు మందులదే. గుళికలు చల్లిన చేలో వానపాములు పైకొచ్చి మెలికలు తిరిగి చావడం మేమందరం చూసినదే. మరి మందులు మానేసి ఏళ్ళయిన చేలల్లోకైనా ఆరుద్ర పురుగు తిరిగి రావాలి కదా? గట్ల మీదా, దున్నని బీళ్ళలోనూ అక్కడొకటి ఇక్కడొకటి కనబడుతోంది. బోర్డు పెట్టిన చేలో కనబడదు. నా గొడవంతా అక్కడే.

మా రోజుల్లో మడక ఉండేది. తుమ్మకొయ్య మడక, దానికి జానెడు కర్రు. రెండెద్దులు ఎంత లాగినా నాలుగైదు అంగుళాలు దిగితే గొప్ప. అది మట్టిని చీల్చుకుంటూ పోయేదే తప్ప అడుగుది పైకీ పైది అడుక్కూ తిరగేసేది కాదు. సాలుకూ సాలుకూ నడుమ దున్నని మట్టి కట్టలు కట్టలుగా మిగిలిపోయేది. అందుకే రెండోసారి అడ్డంగా దున్నేవాళ్ళం, అప్పటికీ కొంత మిగిలేది. తర్వాత గుంటక. అడ్డంగా బిగించిన ఇనుప పట్టీ రెండంగుళాల లోతులో మట్టి కిందుగా కోసుకుంటూ పోతుంది. కలుపు వేళ్ళు తెగి మొక్క అక్కడే వాలిపోతుంది, మట్టి కొద్దిగా లేచి మళ్ళీ ఎక్కడిదక్కడే కూర్చుంటుంది. విత్తేటప్పుడు గొర్రు, గొర్రు వెనక జడ్డిగంలో గింజలు వదిలే ఆడకూతుళ్ళు, వాళ్ళ వెనక గింజలు కప్పడానికి పాపటం. మా జేజినాయన పదును చూడ్డానికి గుప్పెడు మట్టి పిడికిట్లో బిగించి వదిలేవాడు. ఉండ కట్టి, వేలితో పొడిస్తే విరిగిపోవాలి. చేతికి అంటుకుందంటే ఆ పొద్దు ఎద్దులకు సెలవు.

ఇదంతా మా పెద్దల జ్ఞానమని చెప్పి వాళ్ళకు దండలు వేయడం నాకిష్టం లేదు. ఎద్దులకు అంతకంటే బలం లేదు, అంతే సంగతి. బలముంటే మా నాయన కూడా బండరాయి తగిలేదాకా దున్నేవాడే. చేతగానితనం వల్ల బతికిపోయిన జీవాలు అవి. వాటి అదృష్టం ట్రాక్టరు వచ్చేదాకా సాగింది.

ట్రాక్టరు వచ్చినా మొదట్లో నాగళ్ళే లాగేది. ఈ రోటవేటర్ మా ఊళ్ళోకి నిన్న మొన్న వచ్చింది, వచ్చిందే తడవుగా దేవుడైపోయింది. గొట్టంలాంటి ఇరుసుకు వరసగా వంకర కత్తులు, ట్రాక్టరు ఇంజన్ బలంతో అవి నిమిషానికి రెండు వందల చుట్లకు అటూ ఇటూగా తిరుగుతాయి. పది పదిహేను సెంటీమీటర్ల మేర మట్టిని మిక్సీలో వేసినట్టు వేస్తాయి. గడ్డలు ఉండవు, మొదళ్ళు ఉండవు, చూడ్డానికి చేను పరుపు పరిచినట్టుంటుంది, ఫోటోలో బాగా పడుతుంది. ఏటా అదే లోతున తిరిగీ తిరిగీ, పైన ట్రాక్టరు బరువు పడీ పడీ, కత్తుల కింద నేల గట్టిపొర కడుతుంది. వాననీళ్ళు ఆ పొర దాకా పోయి, కిందికి దిగలేక పక్కకు పారతాయి. పైన పిండైన మట్టి మొదటి పెద్దవానకే పేరుకుని, ఎండ రాగానే పెళుసుగా అట్టకట్టేస్తుంది. దాన్ని పగలగొట్టడానికి మళ్ళీ ఇనుమే. ఈ యంత్రానికి సర్కారు సబ్సిడీ ఇస్తుంది. నేలలో ప్రాణం పెంచండని శిక్షణ ఇచ్చేదీ సర్కారే. సంతకాలు పెట్టే బల్లలు వేరేమో.

నా మనవరాలు వ్యవసాయ కాలేజీలో బీఎస్సీ చదువుతోంది. ఆమె చేసిన ఒక పని వల్ల నా సణుగుడికి ఆధారం దొరికింది కాబట్టి అది వివరంగా చెప్పాలి. పోయిన వానాకాలం సెలవులకు వచ్చి, "తాతా, మట్టిలో ఏముంటాయో నీకు చూపిస్తా, ఒక పాత బల్బు ఇయ్యి" అంది. పాత బల్బు ఎక్కడుంది? ఇంటి నిండా ఎల్ఈడీలే, వాటికి వెలుగుంటుంది గానీ వేడి ఉండదు, ఈ పనికి వేడి కావాలి. చివరికి కోళ్ళ ఫారంలో కోడిపిల్లలకు వెచ్చదనానికి వేలాడదీసే గుండు బల్బు ఒకటి అడుక్కొచ్చాను. ఆమె రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాను సగానికి కోసి, మూతి సగాన్ని తలకిందులుగా గరాటులా పెట్టింది. లోపల ఇనుప జాలీ ముక్క, దాని మీద మట్టిపెళ్ళ తలకిందులుగా, పైన బల్బు, కింద గాజు గ్లాసులో మందుల షాపు నుంచి తెచ్చిన స్పిరిట్. ఇటలీలో బెర్లీజ్ అనే ఆయన 1905లో వేడినీళ్ళ తొట్టితో ఇట్లాంటిది కట్టాడట. 1918లో స్వీడన్ ఆయన టుల్‌గ్రెన్ నీళ్ళు తీసేసి బల్బు పెట్టాడట. కిటుకు ఒక్కటే. పైనుంచి వేడి తగిలి మట్టి ఆరుతూ వస్తే, తడి కోసం చీకటి కోసం లోపలి జీవాలన్నీ కిందికి దిగుతాయి, దిగీ దిగీ గరాటులోంచి జారి గ్లాసులో పడతాయి.

ఇట్లాంటివి రెండు కట్టింది. ఒకదాంట్లో మా గెనిమ మీద గరిక వేళ్ళ కింది మట్టి, రెండోదాంట్లో నా కొడుకు రోటవేటర్ కొట్టించిన చేని మట్టి. ఒకే పొద్దున, ఒకే వాన తడిసిన మట్టి, కొలతగా ఒకే చెంబుతో తీసింది. మర్నాడు పొద్దున స్పిరిట్‌ను తెల్ల పళ్ళెంలో పోసి భూతద్దం ఇచ్చింది.

గెనిమ పళ్ళెంలో చూసినవన్నీ చెప్పాలంటే నాకు పేర్లు రావు. తెల్లగా, కంటికి దుమ్ములా కనబడేవి అద్దం కింద ఆరుకాళ్ళ జీవాలు. వీటిని స్ప్రింగ్‌టెయిల్స్ అంటారట. పొట్ట కింద మడిచిపెట్టుకున్న చీలిన తోక ఒకటుంటుంది, భయం వేస్తే దాన్ని నేలకు తన్ని ఎగురుతాయి. అందులోనూ రెండు రకాలు. నేల పైన తిరిగేవాటికి రంగుంటుంది, కళ్ళుంటాయి, గెంతగలవు. లోతున ఉండేవాటికి రంగూ లేదు, కళ్ళూ లేవు, ఆ తోక కూడా పొట్టిదో లేనిదో. చీకట్లో బతికేవాటికి ఎగిరే పనేముంది? కత్తి వచ్చినప్పుడు మొదటివి గెంతి తప్పించుకుంటాయేమో గానీ రెండోవి ఎక్కడికీ పోలేవు. ఇంకొన్ని గోధుమరంగులో గుండ్రంగా, మెరుస్తూ, గట్టి డిప్ప ఉన్నవి. ఇవి మైట్లు, మన ఆరుద్ర పురుగుకు చిన్న చెల్లెళ్ళు. కొన్ని మైట్లు పొడుగుకాళ్ళతో వేటాడే రకం. సన్నటి తెల్ల దారాల్లాంటి బుల్లి పాములు, తోక చివర రెండు కొసలున్నవి ఒకటి రెండు, వేలిగోరంత జెర్రిపిల్ల. రెండో పళ్ళెంలో ఇసుక రేణువులు, నాలుగైదు స్ప్రింగ్‌టెయిల్స్, ఒక చీమ. ఆ చీమ కూడా మా వంటింటిదని నా అనుమానం.

నా కొడుకు వచ్చి చూసి, "ఒక్క చెంబు మట్టితో ఏం తేలుతుంది నాయనా" అన్నాడు. చదువుకున్నోడి మాట. ఒక్క చెంబుతో తేలదు, ఒప్పుకుంటాను. కానీ లోకంలో దీన్ని చెంబులు చెంబులుగా చూసినవాళ్ళు ఉన్నారని మనవరాలు చెప్పుకొచ్చింది.

మిల్లీమీటరులో పదోవంతు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకా ఉండే ఈ జీవాలకు తవ్వుకునే బలం లేదు. వానపాము తోవ చేసుకుంటుంది, చెద తోవ చేసుకుంటుంది, కుళ్ళిన వేరు ఒక తోవ వదిలిపోతుంది. ఆ తోవల్లో, మట్టికణాల సందుల్లో ఇవి అద్దెకుంటాయి. దున్నినప్పుడు కొన్ని నలిగి చస్తాయి, కొన్ని పైకొచ్చి ఎండకు ఆరి చస్తాయి, కొన్నిటిని పైకొచ్చాక పిట్టలూ చీమలూ తింటాయి. అసలు దెబ్బ ఆ సందులు కూలిపోవడం. రెండో దెబ్బ తిండిది. స్ప్రింగ్‌టెయిల్స్, మైట్లు చాలామటుకు మేసేది బూజు దారాల్ని, ఆకుల కుళ్ళుని. కత్తి తిరిగిన చోటల్లా ఆ బూజు దారాలు తెగిపోతాయి. వీటిలో స్ప్రింగ్‌టెయిల్స్ తొందరగా తేరుకుంటాయి, కాస్త చెత్తా తడీ ఉంటే వారాల్లోనే మళ్ళీ పిల్లల్ని పెడతాయి. ఆ డిప్ప మైట్లు అట్లా కాదు. గుడ్లు తక్కువ పెడతాయి, ఎదగడానికి నెలలకు నెలలు, కొన్నిటికి ఏడాది పైన కూడా పడుతుంది. ఏడాదికి మూడుసార్లు ఇల్లు కూల్చేస్తే అవి ఎప్పుడు పెరిగేది, ఎప్పుడు పిల్లల్ని కనేది? ఒంటి సైజు పెరిగేకొద్దీ దెబ్బ ఎక్కువ. కంటికి కనబడని బ్యాక్టీరియాకు దున్నినా ఒకటే, దున్నకున్నా ఒకటే, పైగా దున్నితే వాటికి పండగ. మన జీవామృతం వాళ్ళు బ్యాక్టీరియా గురించి గంటలు గంటలు చెప్తారు, ఇనుము ఆపమని మాత్రం నోరారా చెప్పరు. ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

వానపామును నరికితే రెండవుతుందని ఒక నమ్మకం ఉంది. మా ట్రాక్టరు డ్రైవరు కూడా అదే చెప్పి నన్ను ఓదార్చాడు. రెండు కాదు. తల వైపు ముక్కకు అదృష్టముంటే తోక మొలుస్తుంది, తోక వైపు ముక్క చస్తుంది.

ఇంకో తమాషా వినండి. వేసవి దుక్కి దున్నండి, భూమిలో దాగిన ఎర్రగొంగళి పురుగు కోశాలు బయటపడి ఎండకు మాడి చస్తాయి, పిట్టలు ఏరుకుతింటాయి అని ప్రతి ఏడూ చెప్తారు. చెప్పింది నిజం, శెనక్కాయ పండించినవాడెవడూ కాదనడు. చెడ్డ పురుగు మడక కింద చస్తుందని ఇంత బాగా తెలిసినవాళ్ళు, మంచి పురుగు మాత్రం దాని కింద హాయిగా బతుకుతుందని ఎట్లా నమ్ముతారో? ఇనుముకు మంచీ చెడ్డా తెలుస్తాయా?

నా కొడుకు చేతగానివాడేమీ కాదు, వాడి వాదనకూ బలముంది. "కలుపు సంగతి చెప్పు నాయనా ముందు" అంటాడు. అదే ముడి. మందు కొట్టేవాడికి దున్నకుండా సేద్యం చేయడం సులువు. అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనాల్లో లెక్కలేనన్ని ఎకరాలు దున్నకుండానే సాగవుతున్నాయి, కలుపు మందు ఆసరాతో. అంత దూరం ఎందుకు, గుంటూరు వైపు వరి కోసిన మళ్ళలో దున్నకుండా కర్రతో బొక్కలు పొడిచి మొక్కజొన్న వేస్తారు. ముందు మందు కొట్టి దుబ్బులూ కలుపూ మాడుస్తారు. సేంద్రియం అన్నాక ఆ మందు ముట్టకూడదు, అందుకని ఇనుము పట్టుకుంటాడు. విషం మానినవాడు విషం కొట్టేవాడికంటే ఎక్కువ దున్నాల్సి రావడం, ఈ కాలపు వింత.

మా రోజుల్లో కలుపుకు తొలికలు పట్టుకున్న ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. వరసకట్టి కూర్చుని, ఊళ్ళో సంగతులన్నీ చెప్పుకుంటూ, శెనక్కాయ చెట్టు కదలకుండా పక్కనున్న కలుపు ఒక్కదాన్నే లేపేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ పిల్లలు బెంగళూరులో ఉన్నారు, వాళ్ళకు మోకాళ్ళ నొప్పులు. నాకు తెలుసు. వాళ్ళను మళ్ళీ ఎండలో కూర్చోబెట్టాలని నేననడం లేదు, అనే హక్కూ నాకు లేదు.

స్విట్జర్లాండులో ఫ్రిక్ అనే ఊరుంది, అక్కడ ఫిబ్ల్ అనే సేంద్రియ సేద్య పరిశోధన సంస్థ ఉంది. 2002 నుంచి ఒక బంకనేల చేలో, రసాయనాలు లేకుండా, సగం చెక్కల్ని పెద్దనాగలితో తిరగేసి దున్నుతూ, సగం చెక్కల్ని పైపైన గీకుతూ పోల్చి చూస్తున్నారు. పైపైన గీకిన చెక్కల్లో నేల పైపొర సారం పెరిగింది, వానపాముల గుడ్లూ పిల్లలూ ఎక్కువ కనబడ్డాయి. కలుపు కూడా పెరిగింది. మనవరాలు ఇది చెప్పగానే నేనూ నా కొడుకూ ఇద్దరమూ ఒకేసారి "చూశావా" అన్నాం.

ఊరికే దున్నడం మానేస్తే చాలనుకునే పిల్లలకు ఇంకో మాట. మన ఎర్రనేలలో పైన ఏ కప్పూ లేకుండా దున్నడం మానేస్తే, వానకు పైపొర అట్టకట్టి నీళ్ళన్నీ గట్టు దాటిపోతాయి. గట్టిపడిన నేలలో సందులు ఉండవు, సందులు లేకపోతే తవ్వుకోలేని ఆ సన్నజీవాలకు చోటుండదు. దున్నని నేలలోనూ అవి చావచ్చు. కాబట్టి నేల మీద గడ్డో గాదమో కప్పాలి. ఆచ్ఛాదన అని జీవామృతం వాళ్ళు మంచి పేరే పెట్టారు. ఆ గడ్డి ఎక్కడిది? శెనక్కాయ పొట్టు, జొన్న సొప్ప ఇంటి పశువుకు చాలవు. చాలినా అమ్ముకుంటారు. పైగా శెనక్కాయ పీకడమే ఒక దుక్కి, ఆ పంట పెట్టుకుని దున్నకుండా ఉంటానంటే నవ్విపోతారు. మా రోజుల్లో కనీసం గొర్రెల మంద పెట్టించేవాళ్ళం, రాత్రంతా పెంటికలు రాలేవి. సొప్ప మొదళ్ళు చేలోనే మిగిలేవి. చెరువుమట్టి తోలేవాళ్ళం. ఇప్పుడు చెరువుమట్టి రియల్ ఎస్టేటు ప్లాట్లకు పోతోంది.

బస్తాలతో వానపాముల ఎరువు కొంటున్నారు, అది ఇంకో సరదా. ఆ తొట్లలో పెంచే పాముల్లో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు, ఒకటి యూరప్‌ది, ఒకటి పడమటి ఆఫ్రికాది. పేడలోనూ చెత్తలోనూ బతికే జాతులవి, ఎర్రమట్టిలో దింపితే ఉండవు. మన చేలో బొక్కలు చేసి, మట్టి తిని, కుప్పలు పోసేవి మన నేల పాములు వేరు, వాటిని కొనుక్కోలేం. వానపాములు నేల దున్నుతాయని డార్విన్ 1881లో ఏకంగా పుస్తకమే రాశాడు. కుండల్లో పెట్టి పెంచి, పియానో వాయిస్తే వాటికి వినిపిస్తుందా లేదా అని కూడా చూశాడట. ఆ ముసలాయనకు తీరిక ఎక్కువ అని మా ఆవిడ తీర్పు. నాకు మాత్రం, బస్తా వానపాము ఎరువు చల్లి దాని మీద రోటవేటర్ తిప్పేవాడికంటే ఆయనే బుద్ధిమంతుడిగా కనబడతాడు.

దున్నకుండా పంట రాదనే వాళ్ళను మా వియ్యంకుడి ఊరికి పంపాలి. ఆయనది దివిసీమ. అక్కడ వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న పైరులోనే మినుములో పెసలో చల్లేస్తారు. కింద నేల బురదగా ఉంటుంది, గింజ అందులో అతుక్కుంటుంది. వరి కోసి పనలు తీసేసరికి మొలకలు లేచి ఉంటాయి. మడక లేదు, గొర్రు లేదు, తడి పెట్టేది లేదు. నేలలో మిగిలిన పదునుతోనే సంకురాత్రి దాటాక కాయ పడుతుంది. ఎవరూ బోర్డు పెట్టలేదు, ఎవరూ శిక్షణ ఇవ్వలేదు, తాతల నాటి అలవాటు. ఇప్పుడు అక్కడికి కోత మిషన్ వచ్చింది. దాని గొలుసు చక్రాల కింద మొలకలు నలిగిపోతున్నాయి, నేల అణిగిపోతోంది. మనుషులతో కోయిద్దామంటే మనుషులు లేరు. వియ్యంకుడు ఫోనులో నాకంటే గట్టిగా సణుగుతాడు, ఆయనది నల్లనేల కదా, గొంతు కూడా బరువు.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది, మెచ్చుకోకపోతే పాపం. మన రాష్ట్రంలో 2016లో మొదలైన ఈ ప్రకృతి సేద్యం వాళ్ళు, రైతు సాధికార సంస్థ తరఫున, వానలకు ముందే ఎండునేలలో నవధాన్యాలు చల్లమంటున్నారు. సజ్జ, జొన్న, అలసంద, అనప, నువ్వు, జనుము, ఏవి దొరికితే అవి, గింజలకు మట్టీ పేడా పట్టించి. ఏడాది పొడుగునా నేల మీద ఏదో ఒక పచ్చ ఉండాలి, నేలలో ఏదో ఒక వేరు బతికుండాలి అని వాళ్ళ మాట. ఇది మాత్రం అసలైన మాట. వేరుంటే బూజు దారముంటుంది, అది ఉంటే దాన్ని మేసేవి ఉంటాయి, నీడ ఉంటే మే నెల ఎండకు మట్టి కాలదు. 2024లో పోర్చుగల్ వాళ్ళ గుల్బెంకియన్ బహుమతి వీళ్ళకూ ఇంకో ఇద్దరికీ కలిపి వచ్చిందని పేపర్లో చదివి నేనూ సంబరపడ్డాను. మా ఊళ్ళో ఆ నవధాన్యాలు ఎట్లా చల్లారో తెలుసా? చల్లిన గింజలు కప్పడానికి రోటవేటర్ తిప్పారు. తర్వాత ఆ పచ్చని మళ్ళీ మట్టిలో కలపడానికి ఇంకోసారి. ఆ రోజు శిక్షణకు వచ్చిన పిల్లోణ్ణి పక్కకు పిలిచి అడిగితే, "నిజమే తాతా, దున్నడం తగ్గించమనే మా పుస్తకంలో ఉంది, కానీ అది చెప్తే మీటింగుకు ఎవరూ రారు" అన్నాడు. నిజాయితీపరుడు, టీ ఇప్పించి పంపాను.

సేంద్రియ సర్టిఫికెట్ ఫారం కూడా మా ఇంట్లోనే కూర్చుని నింపారు. ఏ ఎరువు, ఏ కషాయం, విత్తనం ఎక్కడిది, పక్క చేను నుంచి మందు గాలి వస్తుందా, అన్నీ అడిగారు. ఎన్నిసార్లు దున్నావని అడగలేదు. నేనే గుర్తుచేస్తే, ఆ గడి ఇందులో లేదన్నారు.

ఈ ఏడు రోహిణి కార్తె మొదలు కాకముందే నేనూ నా కొడుకూ ఒక ఒప్పందానికి వచ్చాం. కింది చేను వాడిష్టం. గెనిమ పక్కన రెండెకరాల చెక్క నాది. అందులో రోటవేటర్ దిగదు. పోయినేటి కంది మొదళ్ళు పీకరు, కంది ఆకు రాలినచోటే ఉంటుంది, గుంటకతో పైపైన గీకి గొర్రుతో సజ్జా అలసందా విత్తాలి. నడుమ సాళ్ళలో కలుపు లేచినప్పుడల్లా గుంటక. తేడా ఎట్లా ఉంటుందో శ్రావణంలో సెలవులకు వచ్చినప్పుడు మనవరాలు గరాటు కట్టి చూస్తానంది, కోళ్ళ ఫారం వాళ్ళకు బల్బు తిరిగివ్వకుండా దాచిపెట్టాను. నా కొడుకు ఒకే ఒక షరతు పెట్టాడు: కలుపు కూలి ఎక్కువైతే అది నా పింఛనులోంచి పోవాలి. సరే అన్నాను.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, గుంటక ఉంది గానీ ఎద్దులు లేవు. మా అటక మీది గుంటకను దింపి తుడిస్తే చెక్క ఇంకా గట్టిగానే ఉంది, ఇనుపపట్టీకి సాన పట్టిస్తే చాలు. ఊళ్ళో మాత్రం ఇప్పుడు కాడెద్దులున్న ఇల్లు ఒక్కటే మిగిలింది. ఆ ఇంటాయన దగ్గరికి పోయి అడిగితే రోటవేటర్ బాడుగ కంటే ఎక్కువ చెప్పాడు. ఎద్దులకు ఇంత రేటేందప్పా అంటే, "ట్రాక్టరుకు డీజిలు పోస్తే ఊరుకుంటుంది మామా, వీటిని ఏడాదంతా మేపాల" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. అడ్వాన్సు కూడా కావాలన్నాడు. మా రోజుల్లో ఎద్దులకు అడ్వాన్సు ఎవరైనా అడిగారా అని నేను గొంతు పెంచేలోపు, నా మనవడి ఫోనుకు ఫోన్‌పే నంబరు పంపించేశాడు.